తోలు కుట్టెడి మిషను

వస్త్రమునకును తోలునకును గల భేదమును సూది పట్టినవాడు మొదటి కుట్టులోనే గ్రహించును. నేసిన గుడ్డలో పడుగుపేకల నడుమ సందు గలదు. సూది దిగినప్పుడు నూలు ప్రక్కకు తొలగి, సూది వెడలిన వెంటనే మరల దగ్గరగును గనుక, కుట్టు తప్పినచో విప్పి తిరిగి కుట్టుకొనవచ్చును. తోలులో పడుగును లేదు, పేకయు లేదు. కొల్లాజెన్ అను మాంసకృత్తు పోగులు ఒక వరుస యనునది లేక అన్ని దిక్కులకును పెనవైచుకొని బిగిసియుండును. అందు పడిన రంధ్రము మరి పూడదు. కుట్లు మితిమీరి దగ్గర పడినచో ఆ వరుసవెంట తోలు తపాలాబిళ్లల కాగితమువలె చిరుగును. తోలు కుట్టెడి యంత్రముయొక్క రెండు శతాబ్దముల చరిత్రలో అధికభాగము ఈ యొక్క చిక్కు చుట్టును తిరిగినదే. నేడు కొద్దిపాటి సొమ్ముతో అట్టి యంత్రమును కొనదలచినవాడు దేనికి ధనము వెచ్చింపవలెనో, దేనికి వెచ్చింప నక్కరలేదో ఆ చరిత్రవలననే తెలియగలదు.

కుట్టుమిషను గుడ్డకొరకు పుట్టి, పిదప తోలునకు వచ్చినదని పలువురు తలంతురు. కాని లండనునందు కొయ్యసామాను చేసెడి థామస్ సెయింట్ అనునాతడు 1790లో పొందిన పేటెంటు బూట్లు, పాదరక్షల తయారీని గూర్చినది. వార్నిషులు మొదలైన పూతల సంగతులతో కలగాపులగముగా అందులో తోలు కుట్టు యంత్రమొకటి వర్ణింపబడినది. ముందుగా ఆరె దిగి తోలునకు రంధ్రము చేయును. దాని వెనుక, కొనయందు గంటు గల సూది దారమును ఆ రంధ్రమున క్రిందికి త్రోసి గొలుసుకుట్టు వేయును. చెప్పులు కుట్టువారు తరతరములుగా చేతితో చేయుచున్న క్రమమునే ఆతడు ఇనుమునకు నేర్పజూచెను. పాదరక్షల పేటెంట్ల నడుమ పడియుండుటచేత ఆ కాగితముల నెవ్వరును పట్టించుకొనలేదు. ఎనుబదేండ్లు గడచిన పిమ్మట న్యూటన్ విల్సన్ అను కుట్టుమిషనుల వ్యాపారి వానిని వెలికిదీసి, చిత్రము ననుసరించి యంత్రమును చేయించగా, కొన్ని మార్పులు చేసిన గాని అది కుట్టలేదు.

ఈలోగా ఫ్రాన్సులో బార్తెలెమీ తిమోనియే 1830లో పేటెంటు పొంది, సైనికుల దుస్తులు కుట్టుటకు పారిసున యంత్రములను నెలకొల్పెను. తమ పొట్ట కొట్టునను భయముతో దర్జీలు 1831లో వానిని ధ్వంసము చేసిరి. పిదప కథ అమెరికాకు మారినది. సూది కొనయందే బెజ్జము నుంచి, పైదారమును క్రిందిదారముతో పెనవైచు కుట్టునకు ఎలియాస్ హోవ్ 1846లోను, సూదిని నిలువుగా నడపి గుడ్డను పాదముతో అదిమిపట్టు మిషనునకు ఐజక్ సింగర్ 1851లోను పేటెంట్లు పొందిరి. వీరిరువురి వ్యాజ్యములు ఒక గ్రంథమునకు చాలినంత యున్నవి గాని, మనకు వానితో పని లేదు. ఆ కుట్టు పుట్టెడి క్షణము మాత్రము దగ్గరగా చూడదగినది. సూది అట్టడుగునకు దిగి, రెండు మిల్లీమీటర్లకు కొంచెము పైగా మరల లేచినప్పుడు, రాపిడిచే దారము దానితో లేవలేక సూది ప్రక్కన చిన్న ఉచ్చుగా ఉబ్బును. సరిగా ఆ క్షణమున షటిలు కొన వచ్చి ఆ యుచ్చును పట్టి, క్రిందిదారము గల బాబిను చుట్టును త్రిప్పును. గుడ్డలో ఇది సులభము. తోలు సూదిని గట్టిగా పట్టుకొని దానితోపాటు తానును పైకి లేచును. తోలు లేచినచో దారమును లేచును, ఉచ్చు ఏర్పడదు, కుట్టు తప్పును. సాధారణపు ఇంటిమిషనుపై దళసరి తోలు కుట్టబోయినవారు షటిలును, దారమును, తుదకు తమ చేతిని నిందించుకొనుట కద్దు. తప్పు పాదము చాలినంత బలముతో అదుమకుండుటయందే తరచుగా ఉండును.

మరి గట్టిగా అదిమినచో చాలునా? చాలదు. క్రిందనున్న పళ్లు అడుగు తోలును ముందునకు లాగుచుండగా, పైనున్న పాదము పై తోలును వెనుకకు నిలిపివేయును; జానెడు పొడవు కుట్టునప్పటికి రెండు అంచులును ఎడమగును, పైగా పళ్ల గాట్లు తోలుపై శాశ్వతముగా మిగులును. ఇచ్చట తోలుమిషనుల వంశము శాఖలుగా చీలినది. ఒక శాఖయందు, బూటు అడుగుతోలును పైభాగముతో కుట్టు యంత్రమును లైమన్ బ్లేక్ 1858లో కనుగొనగా, దాని హక్కులను కొనిన గోర్డన్ మెకే యంత్రమును అమ్మక, కుట్టిన జతకు ఇంతయని రుసుము వసూలు చేయుచు అద్దెకిచ్చెను. పెద్ద మొత్తము లేని చిన్న కార్ఖానాదారులకు అది వరమును, కట్టుబాటును ఒక్కసారే అయినది. సింగరు కంపెనీ పక్షమున ఎడ్వర్డ్ క్లార్క్ 1856 ప్రాంతమున వాయిదాల పద్ధతిని తెచ్చియుండెను. యంత్రము వెల యంత్రమంత పాతదైన చిక్కే.

మరియొక శాఖకు చెందినది సింగరు 29కె. స్కాట్లండునందలి క్లైడ్‌బ్యాంకు కర్మాగారమున తయారైన మిషనులకు 'కె' గుర్తు; ఆ కర్మాగారము 1980లో మూతపడినను, ఆ మిషనులు నేటికిని చెప్పుల మరమ్మతు దుకాణములలో నడచుచున్నవి. దీని చేయి బూటు లోపలికి దూరునంత సన్నము. క్రింద పళ్లు లేవు. పాదమే తోలును పైనుండి పట్టి లాగును. ఆ పాదము ఏ దిక్కునకైనను తిరుగును. మరమ్మతునకు ఇంతకు మించిన యంత్రమును నేనెరుగను. అయితే బాబిను చిన్నది, లావుదారమును ఇముడ్చుకొనలేదు. లోపలి సంధులు అరిగినకొలది కుట్టు పొట్టియగును. చవుకగా వచ్చినదని దీనిని కొని, బెల్టులు, పెద్ద సంచులు వరుసగా కుట్టబూనుట ఆ యంత్రమునకు అన్యాయము. నేడు దీని అచ్చున చీనాలో తయారగుచున్న చేతిచక్రపు మిషనులు మిక్కిలి చవుక. అంచులను ఆకురాయితో నునుపుచేసి, మరలను సరిచేసికొను నేర్పు గలవారికే అవి తగును.

అసలైన పరిష్కారము వాకింగ్ ఫుట్. దీనికి పాదములు రెండు: ఒకటి తోలును అదిమి నిలుపగా, రెండవది లేచి ముందునకు పోవును, మేలైన వానిలో సూదియు తోలులో దిగియుండగనే పళ్లతోను పాదముతోను కలిసి ఒక్క అడుగు నడచును. పై తోలును, అడుగు తోలును, సూదియు కూడి కదలుటచే అంచులు ఎడముకావు. సింగరు 111 తరగతి మిషనులలో కొన్ని ఈ జాతివి. పిమ్మట జపానువారును తైవాను, చీనా దేశములవారును చేసిన అనేక మిషనులు వాని సంతతియే. బీదవాడు ధనము వెచ్చింపవలసినది ఈ నడకకే యని నా దృఢాభిప్రాయము.

కాని బజారులో చవుకగా దొరకునది వేగము. చొక్కాల కార్ఖానాలు మూతపడినప్పుడు, నిమిషమునకు 5000 కుట్లు వేయు మిషనులు కుప్పలుగా అమ్మకమునకు వచ్చును. ఇండస్ట్రియల్ అను మాట విని కొనినవాడు ఇంటికి వచ్చి చూచుకొనగా, అవి పలుచని గుడ్డకొరకు పుట్టినవి. తోలుపై వేగము శత్రువు: రాపిడిచే సూది కాగి, సుమారు 220 నుండి 260 డిగ్రీలకు కరగు నైలాను, పాలియెస్టరు దారములు తెగును, మలుపు తప్పిన కుట్టు మచ్చయై నిలుచును. మన ఇండ్లలోని నల్లని ఇనుపమిషనునే పెద్ద చక్రము తగిలించి తోలుమిషనని అమ్మువారును గలరు. రెగ్జినుతో ఆటోలకు సీటు కవర్లు కుట్టువారు వానితో నేర్పుగా నెట్టుకొని వచ్చుట నిజమే గాని, రెండు పొరల దళసరి బెల్టుతోలు అందు ఒదుగదు.

మోటారు విషయమున మితవ్యయము సాధ్యమే. పాత క్లచ్ మోటారు మన విద్యుత్తుపై నిమిషమునకు సుమారు 1440 చుట్లు ఎల్లప్పుడును తిరుగుచు, కుట్టనప్పుడును కరెంటు తినుచుండును. కాలు తగిలినంతనే మిషను దూకును. సర్వో మోటారు కాలు నొక్కినప్పుడే తిరుగును, మెల్లగా తిరుగును. అదియు భారమనుకొన్నచో మోటారుపై చిన్న పుల్లీ వేయవచ్చును: దాని వ్యాసము సగమైనచో మిషను వేగము సగమై, త్రిప్పుబలము రెండింతలగును. మొదట మిషను తలను మాత్రము కొని, మోటారు లేకయే చేతితో చక్రము త్రిప్పుచు నడపి, సొమ్ము కూడినప్పుడు సర్వో బిగించుకొనుట తెలివైన మార్గము.

సెకండ్ హ్యాండు మిషనును చూడబోవునప్పుడు కుట్టబోవు తోలు ముక్కలను, దారమును వెంట తీసికొనిపోవలెను. దుకాణదారు గుడ్డపీలికపై కుట్టి చూపినది పరీక్ష కాదు. ముందు చేతితో చక్రము నెమ్మదిగా త్రిప్పి, ఎక్కడనైన బిగిసి ఎక్కడనైన వదులగుచున్నదేమో చూడవలెను. సూదికడ్డీని వ్రేళ్లతో పట్టి ఊపి చూడవలెను. షటిలు కొన మొండివారినచో దారము తెగుచునేయుండును, దానిని మార్చుటకయ్యెడి ఖర్చు బేరమున తగ్గింపవలెను. పిదప రెండు, నాలుగు, మరల రెండు పొరలుగా మెట్టు మెట్టున అతికిన తోలుపై కుట్టించి, వెనుకకు త్రిప్పి అడుగుకుట్టు చూడవలెను. పైన అందముగను క్రింద చిక్కుపడియు నున్న కుట్టునకు కారణము దారపు బిగువు కావచ్చును, అది స్వల్పము. మెట్టెక్కినచోట కుట్టు పొట్టియగుట మాత్రము అరుగుదలకు గుర్తు.

సూదులు వేరుగా అడుగవలెను. 110 అను అంకె గల సూది మందము 1.1 మిల్లీమీటరు, తోలుసూది కొన గుండ్రముగాక కత్తివాదరతో నుండి చీలిక చేయును, ఆ చీలిక వాలును బట్టి కుట్టు ఏటవాలుగనో తిన్నగనో కనబడును. కొన్ని పాత మిషనుల సూదులు నేడు దొరకుట కష్టము; ఒక డజను సూదులు ఆ ఊరి బజారులో దొరకునో లేదో విచారించి గాని బయానా ఇయ్యరాదు. ఇంతకును నెలకు రెండు మూడు సంచులు మాత్రమే చేయువాడైనచో ఆరె, రెండు సూదులు, మైనము పూసిన దారము చాలును. ఒకే దారము రెండు కొనలతో ఎదురెదురుగా కుట్టిన ఆ చేతికుట్టునందు ఒకచోట తెగినను తక్కినది సడలదు. మిషను కుట్టునకు అంతటి పట్టు లేదు.