జానపద కళాకారులు – పంచాయతీల కర్తవ్యము

మన ఊరికి తరతరములుగా వచ్చి పోవుచున్న కథకుల పేర్లు మనలో ఎందరికి తెలియును? వరంగల్లు జిల్లా దుగ్గొండికి చెందిన పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతుల జీవితము ఈ ప్రశ్నను మన ముందుంచుచున్నది.

వీరు బుడగ జంగాలు. ఊరూర తిరిగి కథలు చెప్పుట వీరి కులవృత్తి. ఒకరు తంబుర మీటుచు కథ నడుపగా, తోడివారు గుమ్మెట వంటి చిన్న వాద్యము వాయించుచు వంత పాడుదురు. పూర్వము రైతులు కళ్లములోనే వీరికి గింజలు కొలిచి ఇచ్చెడివారు. నేడు యంత్రము కోసిన ధాన్యము పొలమునుండియే కొనుగోలు కేంద్రమునకు పోవుచున్నది. ఆ ఆదరువు సన్నగిల్లినది.

2023 మార్చి 3న విడుదలయిన ‘బలగం’ చిత్రము చివర ఈ దంపతుల పాట కలదు. ఇంటి పెద్ద మరణించును. పెట్టిన పిండమును కాకి ముట్టదు. అయినవారు ఎడమొగము పెడమొగముగా నుందురు. పదునొకండవ దినమున వీరు పోయినవానిని తలచి పాడగా, కుటుంబము కన్నీటితో ఒకటగును. పలు గ్రామములలో ప్రజలు కూడలిలో తెరకట్టి ఈ చిత్రమును చూచిరి.

వీరు తెరమీద చూపినది క్రొత్త విద్య కాదు. మన వాకిళ్లలో ఏండ్ల తరబడి వినిపించినదే. పేరు వచ్చునాటికి మొగిలయ్య మూత్రపిండముల వ్యాధితో బాధపడుచుండెను. ప్రభుత్వమును, చిత్రరంగమువారును చికిత్సకు తోడ్పడిరి. అయినను 2024 డిసెంబరు 19న ఆయన కన్నుమూసెను. గుర్తింపు వచ్చి రెండేండ్లయినను నిండలేదు. జంటగా చెప్పు కథలో ఒక గొంతు ఆగిన, రెండవ గొంతు ఒంటరి యగును.

కావున పంచాయతీ సభ్యులకు మా మనవి యిది. మీ గ్రామమున నున్న, మీ గ్రామమునకు వచ్చు కథకులు, వాద్యకారుల పేర్లను గ్రామసభలో వ్రాయించుడు. ఎవరికి ఏ కథలు వచ్చునో అడిగి తెలిసికొనుడు. వృద్ధులకు కళాకారుల పింఛనుకు అర్హత కలదేమో విచారించి, దరఖాస్తు నింపుటలో సాయపడుడు. ఉత్సవములలో తగిన పారితోషికమిచ్చి పాడించుడు. చదువుకొన్న యువకులచే చేతిఫోనులోనైనను కథను ఆసాంతము పట్టించి, పాఠశాలలో భద్రపరచుడు.

వీనికి పెద్ద మొత్తములు అక్కరలేదు. పాడువారు మన నడుమ ఉండగనే చేయవలెను, అంతియే.