గిటారు చేస్తాడట, రూటరు కొనాలట!

డిగ్రీ చదివే మా చిన్నాడు సొంతంగా ఎలక్ట్రిక్ గిటారు చేస్తానని, "రూటరు కొనిపెట్టమ్మా" అన్నాడు. ఇంటర్నెట్‌ది ఉందిగా అన్నాను! ఇది చెక్కలో గాడి తొలిచే మిషనట.

మీ ఇంట్లోనూ ఇలాంటి సరదా పుడితే పెద్ద మిషను జోలికి పోకండి. ఒంటిచేత్తో పట్టుకునే ట్రిమ్మర్ చాలు. పావు అంగుళం బిట్లు పట్టే మామూలు రకం రెండు మూడు వేలకే దొరుకుతుంది. గిటారు మెడలో ఇనుప కడ్డీకి గాడి, మెడ కూర్చునే గుంట, పికప్‌ల గుంటలు అన్నీ దాంతోనే అవుతాయి. కాకపోతే ఓపిక కావాలి. విడతకి 3 మిల్లీమీటర్లు మించి దించకూడదు. మావాడు 16 మిల్లీమీటర్ల గుంటని ఒక్కసారే తొలవబోయాడు. అంచు పెచ్చులూడింది. చీటీ డబ్బుతో కొన్న టేకు చెక్క! రెండు రోజులు అన్నం సరిగ్గా తిన్లేదు.

షాపులో వాట్లు చూసి మురిసిపోకండి. బిట్‌ని పట్టుకునే కాలెట్ గట్టిదా కాదా చూడండి. అది వదులైతే బిట్ జారి గుంట లోతెక్కువవుతుంది. లోతు మర బిగించాక కదిలినా వద్దనండి. వేగం తగ్గించే మీట ఉంటే మరీ మంచిది. మిగిలిన డబ్బు బేరింగున్న బిట్‌కి పెట్టండి. అది అచ్చు అంచు వెంటే పోతుంది, చెయ్యి వణికినా గీత తప్పదు.

ప్లగ్గు తీయకుండా మాత్రం బిట్ మార్చనివ్వకండి. కళ్లద్దాలు, మాస్కు తప్పనిసరి. చప్పుడంటారా, మన మిక్సీ నయం! మావాడిప్పుడు పాత తలుపు చెక్క మీద చెయ్యి తిప్పుకుంటున్నాడు.