వెల్డింగు షాపు గ్యాసు భారం ఎవరి నెత్తిన?

ట్రాలీ అడుగు రేకు తుప్పుపట్టి చిల్లులు పడినా, దమ్ము చక్రం పట్టీ విరిగినా, బోరులోంచి తీసిన పైపు మర బిగుసుకుపోయినా రైతు ముందుగా పోయేది మండల కేంద్రంలోని వెల్డింగు షాపుకే. "గ్యాసు ధర చేతివృత్తులవాళ్ల గొడవ, రైతాంగానికి దానితో పనేమిటి?" అని కొందరు మిత్రులు మమ్మల్ని అడుగుతుంటారు. సిలిండరు మీద షాపువాడు కట్టే ప్రతి రూపాయీ చివరకు కౌలు రైతు చెల్లించే కూలిలోకే వచ్చి చేరుతుంది గదా! అందుకే ఈ లెక్క విప్పి చూడాలనుకున్నాం.

పూర్వం ఊరి కమ్మరి దగ్గర కొలిమి, తోలుతిత్తి, కట్టెబొగ్గు ఉండేవి. కర్రు కాల్చి సాగదీసినందుకు రైతు కల్లంలో మేర కొలిచేవాడు. అదేమీ బంగారు కాలం కాదు. కమ్మరి ఇంట కడుపునిండా తిన్న రోజులు తక్కువే. కాని పంట చేతికొచ్చేదాకా ఆగే వెసులుబాటు ఉండేది. ఇవాళ ఎన్నో ఊళ్లలో ఆ కమ్మరి కొడుకే వెల్డరు. అతికే పని చాలావరకు కరెంటు రాడ్డుతో అయిపోతుంది. కోయడానికి, వంగినదాన్ని కాల్చి సరిచేయడానికి, ఇత్తడి పోసి అతకడానికి మాత్రం గ్యాసు కావాలి. గ్యాసు డీలరు మేర పుచ్చుకోడు. సిలిండరుకు డిపాజిట్టు కట్టాలి, గ్యాసుకు రొక్కం పెట్టాలి, తిరిగివ్వడం ఆలస్యమైతే అద్దె కట్టాలి. మేం చూసినచోట్ల సిలిండరులో కొంత గ్యాసు మిగిలినా దానికి విలువకట్టి తగ్గించే ఆనవాయితీ లేదు.

ఇందులో రెండు రకాల వాయువులున్నాయి. మండేది ఒకటి, మండించేది ఒకటి. మండించేది ఆక్సిజన్, నల్ల సిలిండరులో వస్తుంది. మండేది ఎసిటిలీన్ కావచ్చు, వంటగ్యాసు జాతి ఎల్‌పీజీ కావచ్చు. ఎసిటిలీన్ కార్బైడు నుంచి పుడుతుంది. సున్నాన్నీ కోకు బొగ్గునూ కరెంటు కొలిమిలో సుమారు 2,000 డిగ్రీల పైన కాలిస్తే కార్బైడు వస్తుంది. కిలో కార్బైడుకు మూడు యూనిట్ల దాకా కరెంటు పడుతుంది. దాని మీద నీళ్లు పడితే గ్యాసు. ఇక దాని ధర పెరగడంలో వింతేముంది?

ఎసిటిలీన్ ఖరీదని చాలా షాపులు ఎల్‌పీజీకి మళ్లాయి. కిలో లెక్కన అది చౌకే. కాని ఒక ఘనమీటరు ఎసిటిలీన్ మంటకు టార్చిలోంచి దాదాపు అంతే ఆక్సిజన్ చాలు. ఎల్‌పీజీకి నాలుగింతల దాకా కావాలి. ఒకే వేడి రావడానికి చూసినా ఇంచుమించు రెట్టింపు ఆక్సిజన్ పోతుంది. పైగా ఇనుము వేడెక్కడం ఆలస్యం. నిజానికి ఇనుమును కోసేది మంట కాదు, ఆక్సిజన్ ధార. మంట పని ఇనుమును ఎర్రగా కాల్చడమే. ఫ్యాక్టరీలో పొడుగాటి పలకను ఒకసారి ఎర్రజేసి మీటర్లకొద్దీ కోసుకుపోతారు. వాళ్లకు ఎల్‌పీజీ కలిసొస్తుంది. మన షాపులో జానెడు కోత, మళ్లీ ఇంకోచోట జానెడు కోత. ప్రతిసారీ మొదటినుంచీ కాల్చాలి. చౌక గ్యాసు మిగిల్చిన డబ్బులో కొంత ఆక్సిజన్ సిలిండరు తినేస్తుంది.

ఇక పన్ను సంగతి. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద, కోత యంత్రాల మీద జి.ఎస్.టి.ని 12 నుంచి 5 శాతానికి తగ్గించారు. మంచిదే, మేము కాదనం. కాని కొత్త ట్రాక్టరు కొనగలిగేవాడెవడు? పాత ట్రాలీకి అతుకు వేయించుకునేవాడెవడు? వాణిజ్య ఎల్‌పీజీ మీద, పరిశ్రమల ఆక్సిజన్ మీద, ఎసిటిలీన్ మీద పన్ను 18 శాతంగానే ఉంది. పెద్ద కంపెనీ గ్యాసు మీద కట్టిన పన్నును తన అమ్మకపు పన్నులో తగ్గించుకుంటుంది. నమోదు లేని చిన్న షాపుకు ఆ వీలు లేదు; మొత్తం పన్ను కూలిలో కలిపేయాల్సిందే. పేరుకు ఇద్దరికీ ఒకటే పన్ను, నికరంగా కట్టేది చిన్నవాడు!

ఈ ఒత్తిడిలోనే కొందరు ఇంట్లో వాడే 14.2 కిలోల సిలిండరును టార్చికి తగిలిస్తున్నారు. అది చట్టవిరుద్ధం, మేము సమర్థించం. అధికారులు వచ్చి సిలిండరు పట్టుకుపోతారు, కేసు పెడతారు. 19 కిలోల వాణిజ్య సిలిండరును అతను ఎందుకు కొనలేకపోయాడో ఆ కాగితంలో రాయరు. ఇంకొందరు పాత కార్బైడు డ్రమ్మును బయటికి తీస్తున్నారు. మంట పైపులో వెనక్కి తన్నకుండా ఆపే వాల్వు ఖర్చని మానేస్తే ఆ డ్రమ్ము బాంబే.

2021 ఏప్రిల్ 22 నుంచి, కరోనా రెండో ఉధృతిలో, కేంద్రం తొమ్మిది రకాల పరిశ్రమలు తప్ప మిగతావాటికి ఆక్సిజన్ ఆపించింది. అదే రోజు విశాఖ ఉక్కు కర్మాగారం ఆక్సిజన్‌తో తొలి ఆక్సిజన్ రైలు మహారాష్ట్రకు బయల్దేరింది. రోగి ప్రాణం ముందు, ట్రాలీ తర్వాత. ఏ వెల్డరూ దీన్ని తప్పుపట్టలేదు. కాని ఏరువాకకు ముందు పనిముట్లు బాగుచేయించుకునే రోజులవి. గ్యాసు లేక చేతులు ముడుచుకు కూర్చున్న షాపువాణ్ణి మేం తిరిగిన ఊళ్లలో పలకరించిన అధికారి లేడు.

ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలు ఎరువులు అమ్ముతున్నాయి. అవే ఆక్సిజన్, ఎసిటిలీన్ సిలిండర్లు తమ పేర తెచ్చి, డిపాజిట్టు లేకుండా స్థానిక వెల్డర్లకు ఇవ్వొచ్చు. డబ్బు పంట మీద వసూలు చేసుకోవచ్చు. వ్యవసాయ పనిముట్ల రిపేరుకు వాడే గ్యాసు మీద కూడా పన్ను 5 శాతమే ఉండాలి. ఈ రెండింటి మీద సంఘాల మహాజనసభల్లో తీర్మానాలు పెట్టించాలని మా కార్యకర్తలకు చెబుతున్నాం. సిలిండర్లను ఎరువుల గోదాములో పెట్టకూడదు. విడిగా గాలి ఆడే షెడ్డు వేయాలి. గ్రీజు, నూనె అంటిన చేత్తో ఆక్సిజన్ వాల్వు ముట్టుకోరాదని అక్కడి హమాలీలకు మొదటిరోజే నేర్పాలి.