గాజుపెట్టె నుంచి రంగస్థలం దాకా...

సినిమాల్లో కవలలు పుట్టడం ఎంత తేలికండీ! ఆస్పత్రి వరండాలో తండ్రి అటూ ఇటూ పచార్లు చేస్తుంటాడు. తలుపు మీద ఎర్రదీపం ఆరిపోతుంది. నర్సు నవ్వుతూ బయటికొచ్చి, "ఒకరు కాదండీ, ఇద్దరు!" అంటుంది. అంతే! మరుసటి సీనులో ఇద్దరూ బూరెబుగ్గలతో ఉయ్యాల్లో ఊగుతుంటారు. ఆ తరవాత విడిపోవడం, పెరిగి పెద్దవాళ్ళవడం, ఒకరి చోటికి ఇంకొకరు వెళ్ళడం... 1964లో ఎన్.టి.ఆర్. 'రాముడు భీముడు' చూసి చప్పట్లు కొట్టిన తాతయ్యల దగ్గర్నుంచి ఇవాళ్టి కుర్రకారు దాకా, కవలలంటే మనకి వినోదమే.

కానీ ఆ ఎర్రదీపం వెలిగి ఉన్నంతసేపూ లోపల ఏం జరుగుతుందో ఏ సినిమా చూపించింది? చూపించిన చిత్రం ఒకటుంది. అది కథాచిత్రం కాదు. ఆ తల్లి కల్పిత పాత్రా కాదు. ప్రపంచమంతా పేరు మోగిపోతున్న గాయని బియాన్సే! 2019 ఏప్రిల్‌లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన 'హోమ్‌కమింగ్' అనే డాక్యుమెంటరీలో తన కాన్పు కష్టాన్ని ఆవిడే నోరు విప్పి చెప్పుకుంది.

ఆ చిత్రాన్ని నేను చూసింది ఏలూరులో మా అక్కగారింట్లో. పాటల కోసం పెట్టాను. అక్క పకోడీల పళ్ళెంతో వచ్చి పక్కన కూచుంది. ఆ తరవాత ఏం జరిగిందో కాసేపట్లో చెబుతాను.

పూలమధ్య నవ్విన ఫొటో

2017 ఫిబ్రవరి 1. బియాన్సే ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక ఫొటో పెట్టింది. వెనకాల పూలగుట్ట, తలమీద పల్చటి మేలిముసుగు, ఎత్తుగా ఉన్న కడుపు మీద రెండు చేతులు. తమ ఇంట్లోకి ఇద్దరు రాబోతున్నారన్నది కబురు. అభిమానులు ఊరుకుంటారా? అప్పటిదాకా ఇన్‌స్టాగ్రామ్‌లో ఏ ఫొటోకీ రానన్ని లైకులు దానికి వచ్చిపడ్డాయి. పన్నెండో తేదీన గ్రామీ వేడుకలో బంగారు రంగు దుస్తుల్లో, ఆ కడుపుతోనే పాడింది. చూసినవాళ్ళు "దేవతలా ఉంది" అన్నారు.

ఆ నెలాఖరుకే మరో కబురు. ఏప్రిల్‌లో కాలిఫోర్నియాలో జరిగే కోచెల్లా సంగీతోత్సవంలో ఆవిడ పాడాల్సి ఉంది. డాక్టర్లు వద్దన్నారు. ఆవిడ తప్పుకుంది, ఆ స్థానంలో లేడీ గాగా పాడింది. వచ్చే ఏడు వస్తానని బియాన్సే మాటిచ్చింది. "పెద్ద తార కదా, జాగ్రత్త పడుతోంది" అనుకున్నారు జనం. ఆ జాగ్రత్త వెనక ఎంత భయముందో అప్పుడెవరికీ తెలీదు.

ఆ ఇంటికి భయం కొత్త కాదు. పెద్దమ్మాయి బ్లూ ఐవీ 2012 జనవరిలో పుట్టింది. అంతకుముందు ఒక గర్భం నిలవలేదు. కడుపులో బిడ్డ గుండె చప్పుడు వినిపించకుండా పోయిన రోజు గురించి 2013లో వచ్చిన మరో డాక్యుమెంటరీలో బియాన్సే చెప్పుకుంది. అలాంటి తల్లికి రెండు గుండెలు ఒక్కసారే వినిపించాయంటే, సంతోషంతో పాటు గుబులూ రెండింతలే కదూ!

ఒళ్ళు నీరు పడితే...

2018 సెప్టెంబరు 'వోగ్' పత్రికలో ఆవిడ లెక్కలతో సహా చెప్పేసింది. కాన్పునాటికి తన బరువు 218 పౌన్లు, అంటే దాదాపు 99 కిలోలు. తిండి ఎక్కువై కాదు సుమండీ! టాక్సీమియాతో ఒళ్ళంతా వాచిపోయింది. నెలరోజులకు పైగా మంచం దిగలేదు. వేల మంది ముందు గంటలకొద్దీ ఆడి పాడిన మనిషి, నెలరోజులు పక్కమీదే!

టాక్సీమియా పాతకాలపు పేరు. ఇవాళ డాక్టర్లు ప్రీ-ఎక్లాంప్సియా అంటున్నారు. సాధారణంగా అయిదో నెల దాటాక బీపీ పెరుగుతుంది. మూత్రంలో ప్రొటీన్ పోతుంది. మూత్రపిండాలకీ, కాలేయానికీ దెబ్బ తగలొచ్చు. ముదిరితే ఫిట్స్ వస్తాయి. మన పల్లెల్లో గుర్రపువాతం అని భయపడేది దాన్నే. కవలలున్న కడుపులో ఈ ముప్పు ఎక్కువ. బీపీని మందులతో అదుపులో పెట్టొచ్చుగానీ, జబ్బు వదలాలంటే కాన్పు కావాల్సిందే!

డాక్టర్లకి అక్కడే వస్తుంది అసలు చిక్కు. బిడ్డలు లోపల ఉన్న ప్రతి రోజూ బిడ్డలకు మేలు. ఆ ప్రతి రోజూ తల్లికి గండం. తక్కెడలో ఒక పక్క తల్లి, ఇంకో పక్క ఇద్దరు పిల్లలు. ఏ స్క్రీన్‌ప్లే రచయిత రాయగలడండీ ఇంతకంటే ఉత్కంఠ!

"కడుపుతో ఉన్నప్పుడు కాళ్ళు వాయడం మామూలేలే" అని మన ఇళ్ళల్లో తీసిపారేస్తుంటారు. కాళ్ళ వరకు చాలామందికి మామూలే. ముఖం, చేతులు ఉన్నట్టుండి ఉబ్బినా, తలనొప్పి వదలకపోయినా, కళ్ళ ముందు మసకలు కమ్మినా మామూలు కాదు. ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళాలి. కొత్తగా పెళ్ళయిన మన పాఠకులు, ముఖ్యంగా మగవాళ్ళు, ఈ నాలుగు ముక్కలూ గుర్తుపెట్టుకుంటే చాలు.

ఒక గుండె ఆగి ఆగి కొట్టుకుంది

'హోమ్‌కమింగ్'లో ఆవిడ చాలా మామూలుగా చెబుతుంది. బీపీ ఎక్కడికో పోయిందట. కవలల్లో ఒకరి గుండె కొన్నిసార్లు ఆగి ఆగి కొట్టుకుందట. అందుకని అప్పటికప్పుడు పెద్దాపరేషన్ చేశారట.

సరిగ్గా అక్కడే మా అక్క "ఒరేయ్, కాస్త ఆపరా" అంది.

ఆపాను. పకోడీల పళ్ళెం పక్కన పెట్టేసింది. ఆవిడకీ కవలలే. ఇద్దరూ ఆడపిల్లలు. ఎనిమిదో నెలలో ఇలాగే బీపీ పెరిగి, ఇలాగే అర్ధరాత్రి ఆపరేషన్. ఒకమ్మాయి కిలోన్నర, రెండో అమ్మాయి ఇంకో వంద గ్రాములు తక్కువ. ముప్పైరెండు రోజులు గాజుపెట్టెల్లో ఉన్నారు. "ఏడో నెల బిడ్డ బతుకుతుంది గానీ ఎనిమిదో నెల బిడ్డ బతకదు" అని చూడ్డానికొచ్చిన పెద్దావిడ ఒకరు అక్క మొహం మీదే అనేశారు. అది వట్టి మూఢనమ్మకం. ఒక్కో వారం ఎక్కువ లోపలుంటే బిడ్డకు అంత బలం. కానీ ఆ రాత్రి ఆ మాటను ఖండించే ఓపిక మాలో ఎవరికుంది?

"అందరూ పిల్లలెలా ఉన్నారనే అడిగార్రా. నేనెలా ఉన్నానని ఒక్క మీ బావే అడిగాడు" అంది అక్క. ఆరేళ్ళ తరవాత మొదటిసారి ఆ మాట నాతో అనడం.

నేను తల దించుకున్నాను. అడగని వాళ్ళలో నేనూ ఉన్నాను మరి.

2017 జూన్‌లో లాస్ ఏంజెలిస్‌లో బియాన్సే కవలలు పుట్టారు. పాప రూమీ, బాబు సర్. వారాల తరబడి నవజాత శిశువుల ఐసీయూలో ఉన్నారు. ఆ రోజుల్లో తన భర్త సైనికుడిలా పక్కన నిలబడ్డాడని వోగ్‌లో చెప్పుకుంది. భర్తంటే ర్యాప్ గాయకుడు జే-జీ. ఎంత డబ్బున్నా ఏం లాభం? గాజుపెట్టె ముందు కోటీశ్వరుడూ, ఏలూరులో మా బావా ఒకటే. చేతులు కడుక్కుని, గౌను తొడుక్కుని, నర్సు మొహం చూస్తూ నిలబడాల్సిందే! ఇలాంటి అనుభవం దాటొచ్చిన తల్లిదండ్రులందరితో తనకిప్పుడు బంధుత్వం కలిసిందని ఆవిడ అంది. ఊరికే అన్న మాట కాదది. అమెరికాలో కాన్పు సంబంధమైన కారణాలతో చనిపోయే నల్లజాతి తల్లుల రేటు, తెల్లజాతి తల్లుల కంటే ఇంచుమించు మూడు రెట్లు.

టిక్కెట్టు కొని చూసిన పసికందులు!

గాజుపెట్టె అన్నాను కాబట్టి దాని కథ కూడా వినండి. ఇది ఏ సినిమాకీ తీసిపోదు.

న్యూయార్కులో కోనీ ఐలండ్ అని ఒక వినోదాల తీరం ఉంది. అక్కడ 1903 నుంచి 1943 దాకా, రంగులరాట్నాల పక్కన, మార్టిన్ కూనీ అనే ఆయన ఒక ప్రదర్శన నడిపాడు. జనం 25 సెంట్లిచ్చి లోపలికెళ్ళేవాళ్ళు. లోపల ఏముంది? వరసగా ఇన్‌క్యుబేటర్లు. వాటిలో నెలలు నిండని నిజమైన పసిపిల్లలు!

వింటేనే ఒళ్ళు మండుతుంది కదూ? కానీ అప్పట్లో చాలా ఆస్పత్రుల్లో ఈ పెట్టెలు లేవు. నెలలు నిండని బిడ్డల మీద ఆశ వదిలేసుకోమనేవాళ్ళు. కూనీ మాత్రం తల్లిదండ్రుల దగ్గర ఒక్క సెంటు తీసుకోలేదు. టిక్కెట్ల డబ్బుతోనే నర్సులు, పాలు, వెచ్చదనం. ఆయన నిజంగా డాక్టరు చదివాడా అన్నది ఇప్పటికీ అనుమానమే. వేలమంది పిల్లలు బతికి బట్టకట్టారన్నది మాత్రం నిజం.

1920లో అక్కడ పుట్టిన కవలల్లో ఒకరు దక్కలేదు. రెండో పాప కూడా దక్కదన్నారు ఆస్పత్రివాళ్ళు. తండ్రి ఒప్పుకోలేదు. ఆ పాపను గుడ్డలో చుట్టి, టాక్సీ ఎక్కి, తిన్నగా కూనీ దగ్గరికి తీసుకుపోయాడు. ఆ పాప 96 ఏళ్ళు బతికింది!

ఆ తరవాత కూడా దారి సాఫీగా లేదు. 1963 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు కెనెడీకి పుట్టిన బాబు అయిదున్నర వారాలు ముందే పుట్టి, ఊపిరితిత్తులు పనిచేయక 39 గంటలకే కన్నుమూశాడు. అధ్యక్షుడి కొడుక్కే దిక్కులేకపోయింది. 1972లో న్యూజిలాండ్ డాక్టర్లు ముందే పుట్టబోయే బిడ్డ ఊపిరితిత్తులకు బలమిచ్చే ఇంజక్షన్ తల్లికిస్తే ఫలితముంటుందని చూపించారు. 1978లో కొలంబియాలోని బొగొటాలో, బిడ్డను తల్లి గుండెల మీద ఒంటికి ఒళ్ళు తగిలేలా కట్టి ఉంచే కంగారూ పద్ధతి మొదలైంది. మా అక్క పిల్లలిద్దరూ ఆ పద్ధతిలో పెరిగినవాళ్ళే. పగలు అక్క గుండెల మీద, రాత్రి బావ గుండెల మీద!

మళ్ళీ గజ్జె కట్టాలంటే

ఇచ్చిన మాట ప్రకారం 2018 ఏప్రిల్‌లో బియాన్సే కోచెల్లా వేదికెక్కింది. ఆ ఉత్సవానికి ముఖ్య గాయనిగా నిలిచిన మొదటి నల్లజాతి స్త్రీ ఆవిడే. మెట్లు మెట్లుగా కట్టిన వేదిక, వాద్యబృందం, నర్తకులు... చూసినవాళ్ళు మతిపోయిందన్నారు.

'హోమ్‌కమింగ్' ఆ వైభవాన్ని చూపిస్తూనే మధ్యమధ్య రిహార్సల్ గదిలోకి తీసుకెళుతుంది. మొదట్లో ఒళ్ళు మాట వినదు. కండరాలు పట్టేస్తాయి. మనసేమో పిల్లల దగ్గర. విరామంలో వెళ్ళి పాలిచ్చి వస్తుంది. రొట్టె లేదు, పంచదార లేదు, పాలు, మాంసం, చేప ఏమీ లేవు. 'ఆకలేస్తోంది' అని ఆవిడే చెబుతుంది. పాత దుస్తులు పట్టిన రోజున చిన్నపిల్లలా మొగుడికి ఫోన్ చేసి చూపించి మురిసిపోతుంది.

ఇక్కడ మన అమ్మాయిలు గమనించాల్సిన సంగతి ఒకటుంది. మొదటి కాన్పయ్యాక మూడు నెలల్లో సన్నబడాలని తనను తాను ఎంతో వేధించుకున్నానని ఆవిడే ఒప్పుకుంది. రెండోసారి ఆ పొరపాటు చేయకుండా ఒంటికి కొన్ని నెలల విశ్రాంతి ఇచ్చింది. అయినా కోచెల్లా కోసం పడ్డంత కష్టం ఇక ఎన్నడూ పడనని చిత్రం చివర్లో చెప్పేసింది. "ఫలానా తార కాన్పయిన నెలకే నాజూగ్గా తయారైంది" అని మా సినిమా పత్రికలవాళ్ళం రాస్తుంటాం చూడండీ, అలా రాసేముందు కాస్త ఆలోచించాలి మేం!

ఎన్ని కిలోలో!

2024 మార్చిలో వచ్చిన 'కౌబాయ్ కార్టర్' ఆల్బంలో ఒక పాట మొదట్లో చిన్న గొంతు ఒకటి, లాలిపాట వినిపించమని అమ్మని అడుగుతుంది. ఆ గొంతు రూమీది! 2025 ఏప్రిల్‌లో లాస్ ఏంజెలిస్ దగ్గర స్టేడియంలో ఆ ఆల్బం యాత్ర మొదలైంది. అదే పాటకి అక్క బ్లూ ఐవీతో కలిసి రూమీ వేదిక మీదికొచ్చింది. వేలాదిమంది కేకల మధ్య అమ్మని వాటేసుకుని, జనానికి చెయ్యి ఊపింది. తమ్ముడు సర్ మాత్రం కెమెరాలకు దూరం. ఒకే కడుపున ఒకే రోజు పుట్టినా ఎవరి తీరు వారిదే!

ఆ వీడియో ముక్క మా అక్కకి ఫోన్‌లో చూపించాను. వెనక గదిలో ఆవిడ ఇద్దరు కూతుళ్ళూ జడరిబ్బను కోసం గట్టిగా పోట్లాడుకుంటున్నారు. అక్క వాళ్ళని కసిరి, వీడియో మొదటి నుంచి చివరిదాకా చూసింది. పాట గురించి అడగలేదు. దుస్తుల గురించి అడగలేదు. స్టేడియం ఎంత పెద్దదో అడగలేదు.

"పుట్టినప్పుడు ఎన్ని కిలోలుందోరా ఈ పిల్ల!" అంది.