తెరపై పిచ్చి అక్షరాలు వస్తే రూటర్ చెడినట్టేనా?

"లింకు లేదంటారే, దాన్ని ఎలా బాగుచేస్తారు?" భాలుబాసాలో ఇరుగుపొరుగు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. మన ఇళ్లలోనూ ఈ సందేహం ఉండే ఉంటుంది.

శాఖను డేటా సెంటర్‌తో కలిపే పెట్టె రూటర్. లింకు తెగితే దూరాన ఉన్న ఇంజినీరు దాన్ని నెట్‌వర్క్ ద్వారా చేరలేరు. పింఛను రోజున వయసు మళ్లినవారు కౌంటరు ముందు నిలబడి ఉంటే ప్రతి నిమిషమూ బరువే. అప్పుడు మిగిలే దారి రూటర్‌కున్న కన్సోల్ పోర్టు. ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో దానికి కలిపి, పుటీ వంటి టెర్మినల్ ప్రోగ్రాం తెరుస్తాం. ఇంజినీరు ఫోనులో చెప్పింది ఇక్కడ టైపు చేస్తాం.

ఈ తీగలో బిట్లు ఒకదాని వెనుక ఒకటి నడుస్తాయి. వాటిని ఎప్పుడెప్పుడు చదవాలో చెప్పే గడియారపు సంకేతం విడిగా రాదు. అందుకే రెండు వైపులా ముందే ఒప్పందం కుదరాలి.

మొదటిది వేగం, అంటే బాడ్ రేటు. ఫ్రెంచ్ టెలిగ్రాఫ్ ఇంజినీరు ఎమిల్ బోదో పేరు మీద వచ్చిన మాట ఇది. చాలా రూటర్లకు ఇది 9600.

రెండోది అక్షరం కొలత: 8 డేటా బిట్లు, 1 స్టాప్ బిట్, పారిటీ లేదు. ముందుండే స్టార్ట్ బిట్‌తో కలిపి అక్షరానికి 10 బిట్లు. అంటే సెకనుకు 960 అక్షరాలు. పారిటీ అంటే వోచర్ల కట్టపై మొత్తం రాసినట్టు, తప్పు పట్టడానికి చేర్చే అదనపు బిట్.

మూడోది ఫ్లో కంట్రోల్, అంటే "ఆగు, పంపు" అని చెప్పుకునే పద్ధతి. కన్సోల్‌కు సాధారణంగా ఇది వద్దు.

లక్షణాన్ని బట్టి లోపం తెలుస్తుంది. పిచ్చి అక్షరాలు వస్తే ముందు వేగం చూడాలి. అక్షరాలు కనబడుతున్నా మనం కొట్టేది వెళ్లకపోతే ఫ్లో కంట్రోల్ ఆపాలి. తెర ఖాళీగా ఉంటే ఒకసారి ఎంటర్ నొక్కి, తర్వాత డివైస్ మేనేజర్‌లో కామ్ పోర్టు నంబరు, ఆపై కేబుల్ సరిచూడాలి.

కన్సోల్ అంటే లాకరు తాళంచెవి వంటిది. ఐటీ విభాగం అనుమతి లేనిదే ముట్టకూడదు, పని కాగానే లాగౌట్ కావాలి.

ఇంట్లో పిల్లలు ఆర్డుయినోతో ప్రాజెక్టు చేస్తుంటే సీరియల్ మానిటర్‌లో వేగం మార్చి చూపించమనండి. ఇదే సూత్రం కళ్లముందు కనబడుతుంది.