పందెపు కారునకు ఏ ఇంధనము?

పల్నాటిలో బండలాగు పందెములు ఎరుగనివారుండరు. పోటీకి కోడెలను సిద్ధపరచు రైతు దాణాను నెలల ముందునుండియే లెక్క చూచి పెట్టును. నిన్న మేత మార్చి నేడు కాడి కట్టడు. పందెపు కారునకు ఇంధనము మార్చువారు మాత్రము ఇంత ఓపిక పట్టుట అరుదు.

ఇంజనీరింగు విద్యార్థులు స్వయముగా నిర్మించిన ఒంటిసీటు కార్లకు కోయంబత్తూరులో ‘ఫార్ములా భారత్’ అను పోటీ జరుగుచున్నది. నరసరావుపేటలోనో మాచర్లలోనో అట్టి కారును తలపెట్టిన యువకుడు మొదట అడుగునది ఒక్కటే: ఎథనాలు కలిపినచో వేగము పెరుగునా? దానంతట అది పెరుగదు.

కారణము వినుడు. సిలిండరులోని గాలి, ఇంధనముల మిశ్రమమును పిస్టను ఎంత గట్టిగా నొక్కిన అంత శక్తి పుట్టును. హద్దు మీరినచో, ప్లగ్గు రగిలించిన మంట చేరక మునుపే మిశ్రమము తనంత తాను భగ్గుమనును. ఇంజను టకటక కొట్టుకొనుట ఇదియే. దీనిని తట్టుకొను గుణమునకు కొలత ఆక్టేను సంఖ్య. మన దేశములో చిరకాలము అమ్మిన సాధారణ పెట్రోలుకు అది 91; ఎథనాలు 20 పాళ్లు కలిసి నేడు బంకులలో దొరకుదానికి 95; వట్టి ఎథనాలునకు 108 ప్రాంతము. పైగా ఎథనాలు ఆవిరియగునపుడు పెట్రోలుకంటె చాల ఎక్కువ వేడిని పీల్చి, లోనికి వచ్చు గాలిని చల్లబరచును. కనుక నొక్కుడును పెంచి, స్పార్కును ముందునకు జరిపిన ఇంజనుకే లాభము. మార్పు లేని ఇంజనుకు దక్కునది ఖర్చే.

ఖర్చనుటకు కారణమున్నది. లీటరు ఎథనాలులోని వేడిశక్తి లీటరు పెట్రోలులో ఇంచుమించు మూడింట రెండు వంతులు. కిలో పెట్రోలు మండుటకు 14.7 కిలోల గాలి కావలయును. ఎథనాలుకు 9 కిలోలు చాలును. అనగా అదే గాలికి ఇంధనము ఎక్కువ పోయవలయును. ఎథనాలు 85 పాళ్లున్న మిశ్రమమైనచో బరువున దాదాపు ఒకటిన్నర రెట్లు! కార్బురేటరు జెట్టు మార్చక దీనిని పోసినవాని ఇంజను ఇంధనము చాలక బలహీనపడును. గట్టిగా తోలిన కొలది వేడెక్కి పిస్టనుకే ముప్పు తెచ్చును.

ఇక మెథనాలు. 1964లో అమెరికాలోని ఇండియానాపొలిస్ పందెమున పెట్రోలు మంటలలో ఎడ్డీ శాక్స్, డేవ్ మెక్‌డొనాల్డ్ అను ఇరువురు మరణించిరి. పిమ్మట అచ్చటివారు మెథనాలునకు మారిరి. కాని దాని మంట పట్టపగలు కంటికి కానరాదు. 1981లో ఇంధనము నింపుచుండగా రిక్ మియర్స్ అను డ్రైవరు ఒడలు కాలుచున్నను, చుట్టునున్నవారికి తొలుత అది మంటయని తెలియలేదు. 2007 నుండి ఆ పందెములకు ఎథనాలు వచ్చినది. మెథనాలు విషము కూడను. కల్తీసారా త్రాగినవారి చూపు పోగొట్టునది తరచు ఇదియే. ఔత్సాహికులు దాని జోలికి పోరాదని నా అభిప్రాయము.

ఎథనాలునకును ఒక దుర్గుణమున్నది; అది నీటిని పీల్చును. వానకాలమున సగము నిండిన టాంకిని నెలల తరబడి విడిచినచో తేమ చేరి, నీరు, ఎథనాలు కలిసి అడుగునకు దిగవచ్చును. పంపు ముందుగా లాగునది ఆ అడుగునే. పందెము ముగియగానే టాంకి ఖాళీ చేయుట మేలు. పాత రబ్బరు గొట్టములను సైతము మార్చవలయును.

తొలిసారి కారు కట్టువారికి బంకులోని 20 పాళ్ల మిశ్రమమే చాలును. పోటీవారి నిబంధన ఏమన్నదో ముందు చదువుకొనుడు. పాళ్లెన్నో ఇంటనే చూడవచ్చును. నిప్పునకు దూరముగా, గీతలున్న గాజుగొట్టములో 10 మిల్లీలీటర్ల నీరు, 90 మిల్లీలీటర్ల ఇంధనము పోసి, బాగుగ కుదిపి నిలుపుడు. ఎథనాలు నీటిని చేరి అడుగున వేరు పొరగా నిలుచును. ఆ పొర 28 వరకు వచ్చినచో, పెరిగిన 18 ఎథనాలే; 90లో 18 అనగా నూటికి 20.