పాత రేడియోలో ‘రెడ్ మెర్క్యురీ’ ఉందా..? విప్పే ముందు ఇది తెలుసుకోండి!

అటక మీద తాతల నాటి మర్ఫీ, ఫిలిప్స్ రేడియో ఏదైనా ఉందా..? అందులో ‘రెడ్ మెర్క్యురీ’ ఉంటుందని, దానికి కోట్లు ఇస్తారని చెప్పే వీడియో మీ ఫోన్‌కీ వచ్చే ఉంటుంది. అది పచ్చి అబద్ధం. 2009లో సౌదీ అరేబియాలో ఇదే పుకారు సింగర్ కుట్టుమిషన్ల మీద లేచింది. మూలన పడ్డ మిషన్ల ధరలు అమాంతం పెరిగాయి. చివరికి దొరికింది సున్నా. మనకు బాగా తెలిసిన రైస్ పుల్లింగ్ మోసానికి ఇది తమ్ముడన్నమాట.

మరి లోపల వెండిలా మెరిసేది ఏంటి? ట్రాన్సిస్టర్లు రాకముందు రేడియోలు వాల్వులతో నడిచేవి. వాల్వు అంటే గాలి తీసేసిన గాజు బుడ్డి. అందులో మిగిలిపోయిన కాస్త గాలిని కూడా పీల్చేయడానికి లోపల బేరియం పూత వేస్తారు. ఆ మెరుపు దానిదే. అది తెల్లగా మారిందంటే గాలి చొరబడినట్టు, ఆ వాల్వు పని అయిపోయినట్టు. ఫిలిప్స్ పాత వాల్వులు కొన్ని ఎర్రగానే ఉంటాయి. కానీ ఆ ఎరుపు గాజు పైన వేసిన రంగు మాత్రమే, లోపల ద్రవమేమీ ఉండదు.

పాత రేడియోలు సేకరించేవాళ్లు చూసేది వేరు. నాబ్‌లు, వెనక అట్ట, స్టేషన్ల పేర్లున్న డయల్ గాజు ఒరిజినల్‌వేనా అన్నదే వాళ్లకు ముఖ్యం. మెర్క్యురీ కోసం పగలగొడితే పోయేది సరిగ్గా ఇవే. కొత్తగా కనిపించాలని పెయింటు కొట్టినా విలువ పడిపోతుంది. అప్పట్లో ఇంట్లో రేడియో ఉంటే పోస్టాఫీసులో లైసెన్సు ఫీజు కట్టాల్సిందే. ఆ లైసెన్సు పుస్తకం దొరికితే అస్సలు పారేయకండి. ఇక 1950లో ఆలిండియా రేడియోలో కలిసిపోయిన నిజాం నాటి దక్కన్ రేడియోను విన్న సెట్టు అయితే, అది చరిత్రే కదా!

పనిచేస్తుందేమో చూద్దామని మాత్రం వెంటనే ప్లగ్ పెట్టొద్దు. వాల్వు సెట్లలో 200 వోల్టులు దాటిన డీసీ ఉంటుంది. ప్లగ్ తీసినా కెపాసిటర్లలో కరెంటు కొంతసేపు నిలిచే ఉంటుంది. ఏళ్ల తరబడి వాడని కెపాసిటర్లు లీకై ట్రాన్స్‌ఫార్మర్‌ను కాల్చేస్తాయి. అసలు ట్రాన్స్‌ఫార్మర్ లేని సెట్లూ ఉన్నాయి. వాటి ఇనుప ఛాసిస్ ముట్టుకున్నా షాక్ కొట్టొచ్చు. అందుకే తెలిసిన మెకానిక్ సిరీస్ బల్బు పెట్టి నిదానంగా చెక్ చేస్తాడు.

‘కొంటాం, ముందు టెస్టింగ్ ఫీజు పంపండి’ అంటూ ఎవరైనా ఫోన్ చేస్తే పైసా కూడా వేయొద్దు. ఇప్పటికే డబ్బు పంపేసి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయండి.